యుగాల మౌనం

చేతులు లేని కుర్చీ మానవజాతి సాధించిన మహత్తర విజయాల్లో ఒకటి. నిప్పును కనుగొన్నవాడికీ, చక్రాన్ని దొర్లించినవాడికీ దక్కిన కీర్తి, కుర్చీకి చేతులు అనవసరమని మొదటగా గ్రహించిన ఆ అజ్ఞాత మహనీయుడికి దక్కకపోవడం చరిత్ర చేసిన ఘోరమైన అన్యాయం. ఈ మాటలోని సత్యం బోధపడాలంటే ఎవరైనా చేతులున్న కుర్చీలో కూర్చుని, వయొలిన్ భుజానికెత్తుకుని, కమానును ఈ కొస నుంచి ఆ కొసకు ఒక్కసారి లాగి చూడాలి. మోచెయ్యి కర్రకు తగిలి జివ్వుమన్న క్షణాన జ్ఞానోదయమవుతుంది. అందుకే మన తంత్రీ చతుష్టయం, అంటే నాలుగు తీగవాద్యాల మేళం, ఏ ఊళ్ళో కాలుపెట్టినా, హాలు ఎంత పెద్దది, జనం ఎంతమంది అని అడగదు. "చేతుల్లేని కుర్చీలు నాలుగున్నాయా అండీ?" అని అడుగుతుంది. అడిగిన ప్రతిచోటా హాలు మేనేజరు నొచ్చుకుని, మంత్రులు కూర్చునే సింహాసనాలు నాలుగు మోయించుకొస్తాడు.

ఈ ఊళ్ళో మాత్రం చేతుల్లేని కుర్చీలు ఉన్నాయి. ఈ వారం మన కథలో శుభవార్త అదొక్కటే.

రెండో వయొలిన్ వాయించే ఆవిడను కిందటి వారం ఎక్కడ వదిలివచ్చామో గుర్తులేనివారు సిగ్గుపడనక్కర్లేదు. పాపం, ఆమె ఇంకా అక్కడే ఉంది, కమాను గాలిలో, ఊపిరి గుండెల్లో, నోరు కొద్దిగా తెరుచుకుని. జ్వరం తగిలి వెనకటి ఊరి లాడ్జిలో ఉండిపోయిన ఆ ఇల్లాలు, మిగతా ముగ్గురినీ వ్యానులో ముందుకు పంపించి, ఒళ్ళు కాస్త తేలికపడగానే బస్సెక్కి, దిగీ దిగగానే రిహార్సలు గదిలోకి వచ్చి కూర్చుంది. మరికాసేపట్లో కచేరీ. వాయించబోయే కృతి నడిమి భాగంలో నలుగురూ ఒక్కసారిగా ఆగిపోయే చోటొకటుంది. ఆగి, మళ్ళీ నలుగురూ కలిసి అందుకోవాలి. ఆ అందుకోవడానికి సైగ ఇవ్వవలసింది రెండో వయొలిన్. కృతి మొత్తంలో పగ్గాలు ఆమె చేతికి వచ్చేది అక్కడే. ఆమె కమాను ఎత్తింది. ఎప్పటిలాగే ఓ లిప్తకాలం ఆగింది.

మిగతా ముగ్గురూ ఆగలేదు. స్టాపులో చెయ్యెత్తిన మనిషిని చూసి కూడా ఆపని బస్సులా, ముగ్గురూ ఒక్క ఊపున వెళ్ళిపోయారు.

వెళ్ళిపోయిన ఆ ముగ్గురూ ఎవరయ్యా అంటే, మొదటి వయొలిన్ ఆమెకు తోడబుట్టిన అన్న. లోకం వెనకాల ఆయన్ని సార్వభౌముడంటుంది. ఎదుట కూడా అనవచ్చు, ఆయనకు అభ్యంతరం లేదు. ఏ ఊళ్ళో ఎవరు ఎంతసేపు చప్పట్లు కొట్టారో ఆయనకు కంఠస్థం. సోడాసీసా మూత తీయడం మాత్రం రాదు. నేల మీద నిలబెట్టి వాయించే పెద్ద వాద్యం చెల్లో, అది వాయించేది ఆయన భార్య, అంటే మన రెండో వయొలిన్‌కు వదిన. చతుష్టయానికి డ్రైవరూ, మెకానిక్కూ, సందర్భాన్నిబట్టి రౌడీ కూడా ఆవిడే. కచేరీ బట్టల మీదే వ్యాను టైరు మార్చి, చేతులు తుడుచుకుని, అవే చేతులతో అరగంటలో జనాన్ని ఏడిపించగల మనిషి. ఇక వయొలిన్‌కన్నా కాస్త పెద్దదైన వయొలా వాయించే వయొలాగారు మన రెండో వయొలిన్‌కు భర్త. నలుగురికీ క్షవరం చేస్తాడు, కదిలే బండిలో గుండీలు కుడతాడు, చప్పట్లు ఒక్కసారి చరిచి హాలులో ఏ మూల మోత ఎక్కువో చెప్పేస్తాడు. వ్యానులో కిటికీ పక్క సీటు బెల్టు కట్టుకుని చెల్లో కూర్చుంటుంది. దాని కాళ్ళ దగ్గర ఆయన కూర్చుంటాడు. ఆయన మాట వినిపించుకున్న వారెవరూ ఇంతవరకు చరిత్రకు తెలియరు.

రెండో వయొలిన్ కమానును మెల్లగా ఒళ్ళోకి దించింది. ఆమెకు కోపం వచ్చే పద్ధతి ఒకటుంది. మామూలు మనుషులకు ముందు ముఖం ఎర్రబడుతుంది; ఆమెకు ముందు గొంతు తియ్యనవుతుంది.

"ఎవరావిడ?" అంది, పాలల్లో పంచదార కలిపినట్టు.

సార్వభౌముడు తల తిప్పాడు. "ఏ ఆవిడ?"

"నేను లాడ్జిలో మూలుగుతుంటే నా కుర్చీలో కూర్చున్నావిడ."

"జ్వరం ఇంకా తగ్గినట్టు లేదు చెల్లాయ్."

"జ్వరం తగ్గింది. బుర్ర కూడా పనిచేస్తోంది. అదే మీ ఖర్మ. ఒక్కరు ముందుకుపోతే తొందరపడ్డారనుకుంటాను. ముగ్గురూ కూడబలుక్కున్నట్టు ఒకేసారి పోయారంటే అది తొందరపాటు కాదన్నయ్యా, అలవాటు. ఎవరితోనో వాయించి వాయించి చేతులకి పట్టిన అలవాటు. ఎవరితో?"

"అది కాదు, అసలేమైందంటే..." అన్నాడు వయొలాగారు.

"మీరుండండి. మీ వంతు ఇంటి దగ్గర." ఆమె వదిన వైపు తిరిగింది. "వదినా, నువ్వు అబద్ధమాడవు. నువ్వెందుకు ఆగలేదు?"

వదినగారు చెల్లో మెడ మీద చెయ్యి వేసి, వ్యాను రిపేరు గురించి అడిగితే చెప్పినంత తాపీగా జవాబిచ్చింది. "అన్నయ్యగారు, అదే మీ ఆయన, కమాను పెట్టారు, నేనూ పెట్టాను. రోడ్డు మీదైనా ఇక్కడైనా నేను ముందు బండిని చూసే పోతానమ్మాయ్."

"అన్నయ్యా, నువ్వో?"

"బావ మొదలెట్టాడు, నేనూ మొదలెట్టాను."

"ఓహో! పోస్టరు మీద నీ తలకాయ గుమ్మడికాయంత వేయించుకుంటావే, మా తలకాయలు ఆవగింజలంత వేయిస్తావే! తీరా వాయించేటప్పుడు బావ వెనకాల చిటికెనవేలు పట్టుకుని నడుస్తున్నావన్నమాట."

సార్వభౌముడి ముక్కుపుటాలు అదిరాయి. సామ్రాజ్యాలు ఇలాంటి మాటల వల్లే కూలిపోయాయి.

"ఒక్క నిమిషం వింటే నేను చెప్పేస్తాను..." అని వయొలాగారు మళ్ళీ ప్రయత్నించాడు.

"నువ్వాగు బావా!" అని ఈసారి సార్వభౌముడే కసిరాడు. "ఇది మాకూ మాకూ సంబంధించినది."

వయొలాగారు ఆగాడు. ఆగడంలో ఆయనకున్న అనుభవం అపారం.

ఇక్కడ పాఠకులకు ఒక సంగతి విన్నవించాలి. ఆ చోట రెండో వయొలిన్ ఆగే ఆ లిప్తకాలం సామాన్యమైనది కాదు. అది పేపర్లో పడింది. ఒక పెద్ద ఊళ్ళో కచేరీ విన్న విమర్శకుడొకాయన, నలుగురి గురించీ కలిపి రాసిన ముక్కలో, "రెండో వయొలిన్ కమాను ఎత్తి నిలిపిన ఆ ఒక్క లిప్తలో యుగాల మౌనం గడ్డకట్టింది" అని రాశాడు. ఆ వాక్యం కత్తిరించి ఆమె తన వయొలిన్ పెట్టె మూతలోపల అంటించుకుంది. సార్వభౌముడికి ఆ వాక్యం ఆమెకన్నా బాగా కంఠస్థం. చతుష్టయం గురించి పేపర్లో వచ్చిన అన్ని వాక్యాల్లోనూ ఆయన లేని వాక్యం అదే మరి.

"నా చోటది," అంది ఆమె. తీపి పోయి గొంతులో కారం దిగింది. "ఈ గంటసేపు వాయింపులో మీ వెనకాల పరిగెత్తీ, మీరు తూలిపడితే పట్టుకునీ, నువ్వు పైన కూస్తుంటే కింద ఊడిగం చేసీ ఛస్తాను. నాకంటూ ఉన్నది అదొక్క చోటు. అది చూసి కూడా మీ కళ్ళు కుట్టాయా? ఊరంతా మెచ్చుకున్న మౌనమది..."

"మౌనం!" సార్వభౌముడు లేచి నిలబడ్డాడు. చేతుల్లేని కుర్చీ వెనక్కి పడి గదంతా మారుమోగింది. "ఆ మౌనంతోనే ఛస్తున్నాను నేను! ప్రతి ఊళ్ళోనూ అదే వరస. అందరం కమానులు పట్టుకుని, అమ్మగారికి ఎప్పుడు ఊపిరి వస్తుందా అని కాచుకోవాలి. జనం దగ్గుతారు. పిల్లలు 'అయిపోయిందా అమ్మా' అంటారు. కిందటిసారి ముందువరుసలో పెద్దమనిషి నిజంగానే అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టి, కోటు వేసుకుని వెళ్ళిపోయాడు! అది మౌనం కాదు చెల్లాయ్, బద్ధకం. వయసు మీదపడ్డ బద్ధకం. పొడుగమ్మాయి ఆగదు!"

గదిలో ఇప్పుడు నిజంగానే యుగాల మౌనం గడ్డకట్టింది.

కొన్ని మాటలకు ఒక దుర్గుణం ఉంది. నోట్లో ఉన్నంతసేపూ పెంపుడు జంతువుల్లా ఉంటాయి; బయటపడ్డాక ఎవరి మాటా వినవు. సార్వభౌముడు తన మాటను వెనక్కి పిలుద్దామన్నట్టు నోరు తెరిచాడు, పిలవలేక మూసుకున్నాడు. వదినగారు కళ్ళు మూసుకుంది. వయొలాగారు తన బూట్ల వైపు చూడసాగాడు.

పొడుగమ్మాయి ఎవరో రెండో వయొలిన్‌కు బాగా తెలుసు. కిందటి నెల ఒక కచేరీ దగ్గర పరిచయమైంది. తలుపు దాటాలంటే తల వంచవలసిన పిల్ల. తన చతుష్టయం కీచులాడుకుని విడిపోయాక దిక్కులు చూస్తూ తిరుగుతోంది. ఆ రోజు ఆ పిల్ల తీగ పుటుక్కున తెగితే, తన పెట్టెలోని కొత్త తీగ ఇచ్చి, బిగించి, ఏడవకమ్మా అని ముఖం తుడిచి పంపించింది ఈ మనిషే.

"ఎప్పట్నుంచి?" అని అడిగింది.

"ఈ పర్యటన అయ్యాక అనుకున్నాం... అంటే, అనుకున్నాను. ఇంకా ఏదీ ఖాయం చెయ్యలేదు."

"వాయించి చూశారా?"

"లేదు. నాన్న మీద ఒట్టు. మాటవరసకి అడిగానంతే. నువ్వనుకున్నట్టు నీ కుర్చీలో ఎవరూ కూర్చోలేదు. నువ్వు లేవని మేం ఈ ముక్క అసలు ముట్టుకోనేలేదు."

అంటే ఆమె అనుమానం శుద్ధ తప్పు. దొంగ లేడు. దొంగతనం జరగలేదు. లేని దొంగను పట్టుకోవడానికి వల విసిరితే, రేపు దొంగతనం చేద్దామని కూర్చున్నవాడు తనంతట తనే వచ్చి వలలో పడ్డాడు. అయితే మరి ఇందాక ముగ్గురూ ఒకేసారి ఎందుకు కదిలినట్టు? ఈ ప్రశ్న ఆమె మనసులో ఒక్క క్షణం తల ఎత్తింది. కోపం దాని తల మీద కాలుపెట్టి ముందుకు నడిచింది.

"వదినా, నీకు తెలుసా?"

"తెలుసు. వ్యాను నడుపుతుంటే పక్కన కూర్చుని చెప్పారు మీ అన్నయ్య. సరేననలేదు నేను."

"వద్దన్నావా?"

వదినగారు నిజంగానే అబద్ధమాడదు. "వద్దని కూడా అనలేదు. మలుపులో ఉన్నాం."

"మలుపు దాటాక?"

"దాటాక... సిగ్గేసింది."

ఆమె చివరికి భర్త వైపు తిరిగింది. ఆయన చెవులు అప్పటికే ఎర్రగా మండుతున్నాయి. ఆ ఇంట్లో నిజం ఎప్పుడూ ఆయన చెవుల దగ్గరే ముందు తెలిసిపోతుంది.

"మీరు కూడా వ్యానులోనే ఉన్నారుగా?"

"ఉన్నాను."

"విన్నారు."

"విన్నాను. బావగారితో తర్వాత గట్టిగా మాట్లాడదామనీ... నీకేమో ఒంట్లో బాగాలేదు..."

"ఎప్పుడు చెబుదామనుకున్నారండీ? జ్వరం తగ్గాకా? పర్యటన అయ్యాకా? ఆ పిల్ల నా కుర్చీలో సర్దుకుని కూర్చున్నాక, 'నువ్వు కాస్త నలుగురికీ టీ పట్టుకురా' అని చెబుదామనుకున్నారా? లాడ్జిలో నా నుదుటి మీద తడిగుడ్డ వేసి, జుట్టు సర్ది, 'ముందు వెళుతున్నాం, జాగ్రత్త' అని వ్యానెక్కారే! ఎక్కి, చెల్లో కాళ్ళ దగ్గర కూర్చుని, వీళ్ళు నన్ను దింపేస్తుంటే వింటూ వచ్చారా? గుండీ అయినా కుట్టుకున్నారా, దానికి కూడా చెయ్యి ఆడలేదా?"

"అది కాదే..."

"అది కాదు, అది కాదు! పెళ్ళయినప్పట్నుంచీ అదే మాట. ఏది కాదో చెబుతారు, ఏది అవునో ఏనాడూ చెప్పరు!"

ఆమె లేచింది. వయొలిన్‌ను పెట్టెలో పడుకోబెట్టింది. ఎంత కోపంలో ఉన్నా దాన్ని మాత్రం పసిపిల్లను దించినట్టే దించింది. పెట్టె గడియలు రెండూ టక్కు టక్కుమన్నాయి. ఫిరంగులు పేలినా సార్వభౌముడు అంతగా ఉలిక్కిపడేవాడు కాదు.

"చెల్లాయ్, విను. ఇందులో కక్ష లేదు. సంగీతం ముఖ్యం. మనమెవరం?"

"మనమెవరమో నేను చెబుతా. నీకు నాన్న మొదటి వయొలిన్ ఇచ్చాడు. నేను ఏడిస్తే నాకు రెండోది ఇచ్చాడు. ఇచ్చి, నీ ఎదురుగానే ఏమన్నాడు? 'కిందది లేకపోతే పైది ఒట్టి కూతరా, దాన్ని కనిపెట్టుకుని ఉండు' అన్నాడు. కనిపెట్టుకోమంటే ఇదా? నా బదులు ఇంకోదాన్ని కనిపెట్టావా?"

సార్వభౌముడు పడిపోయిన కుర్చీని ఎత్తి నిలబెట్టి, దాని వెనక నిలబడ్డాడు.

సరిగ్గా అప్పుడే హాలు మేనేజరు తలుపు సందులోంచి తల పెట్టాడు. గదిలో గాలి ఎంత చిక్కగా ఉందో ఆయన గమనించలేదు; అధికారంలో ఉన్నవారు సాధారణంగా గమనించరు.

"అయ్యా, తలుపులు తీసేశాం. జనం బాగా వచ్చారు. చిన్న గొడవ ఒకటి. ముందు వరుసలో ఒకమ్మాయి కూర్చుంది, వయొలిన్ పెట్టె ఒళ్ళో పెట్టుకుని. వెనకవాళ్ళకి స్టేజీ కనపడ్డం లేదని గోలపెడుతున్నారు. మీరు పిలిచారని చెబుతోంది, నిజమేనా?"

మేనేజరు అటూ ఇటూ చూసి, "సరే, కాస్త కిందకి జారి కూర్చోమంటాను," అని వెళ్ళిపోయాడు.

రెండో వయొలిన్ అన్న ముఖంలోకి చూసింది. అరవలేదు. అరిచి ఉంటే బాగుండేదని ఆ గదిలో ప్రతివారికీ అనిపించింది.

"పెట్టె కూడా తెచ్చుకోమన్నావా? నేను స్టేజీ మీద కళ్ళు తిరిగి పడిపోతే వెంటనే అందుకోవడానికా?"

"నీకు జ్వరం కదా... ఒకవేళ రాలేకపోతే అని..."

"వచ్చాను." ఆమె వంగి పెట్టె గడియలు మళ్ళీ విప్పింది. వయొలిన్ బయటకు తీసింది. "వచ్చాను కనక వాయిస్తాను. ఆ పిల్ల చూస్తుండగా వాయిస్తాను. కానీ ఒక మాట వినండి, ముగ్గురూ. ఆ చోటు వస్తుంది. అక్కడ నేను కమాను ఎత్తి ఆగుతాను. ఎప్పుడూ ఆగినంత కాదు, నా తనివి తీరేదాకా ఆగుతాను. జనం దగ్గనీ, తుమ్మనీ, కోటు వేసుకుని ఇళ్ళకి పోనీ. నేను ఊపిరి పీల్చేదాకా మీ ముగ్గురి కమానులూ కదలడానికి వీల్లేదు. ఒక్కటి కదిలినా సరే, అక్కడికక్కడే లేచి, స్టేజీ దిగి, నా కుర్చీ ఆ పిల్లకి చూపించి వెళ్ళిపోతాను. ఇక ఈ వ్యానెక్కను."

"నేనాగను," అన్నాడు సార్వభౌముడు. కుర్చీ వీపును పట్టుకున్న ఆయన వేళ్ళు తెల్లబడ్డాయి. "బెదిరిస్తే అసలే ఆగను. సంగీతాన్ని నీ పంతానికి తాకట్టుపెట్టను."

"నేనాగుతాను," అంది వదినగారు.

"ఏమిటీ?"

"విన్నారుగా. మలుపు దాటాను. ఆగుతాను." ఆవిడ చెల్లోను ఎత్తుకుని, మొగుడికి వీపు తిప్పి నిలబడింది. "మీరు ఒక్కరే కూసుకోండి అక్కడ."

ఆ విధంగా చతుష్టయం నిట్టనిలువునా చీలింది. అటు ఒకరు, ఇటు ఇద్దరు. అయితే లెక్క అక్కడితో తేలలేదు. ఇందాక వదినగారు చెప్పినదాన్నిబట్టీ, సార్వభౌముడు ఒప్పుకున్నదాన్నిబట్టీ, ఇద్దరూ చూసేది వయొలాగారి కమానునే. అది కదిలితే అందరూ కదులుతారు, అది నిలిస్తే సార్వభౌముడు సైతం ఒంటరిగా గుటకలు మింగవలసిందే. ఈ నిజం ముగ్గురికీ ఒకేసారి తట్టింది. ముగ్గురూ ఒకేసారి ఆయన వైపు తిరిగారు. హాలులోంచి జనం సర్దుకుంటున్న సవ్వడి వినిపిస్తోంది.

"ఏమండీ," అంది ఆమె. "ఈసారి అది కాదు ఇది కాదు అనకండి. ఆగుతారా, ఆగరా?"

"చెప్పు బావా," అన్నాడు సార్వభౌముడు.

"చెప్పండన్నయ్యగారూ," అంది వదినగారు.

సంగీత చరిత్రలో ఒక వయొలా మాట కోసం ముగ్గురు మనుషులు ఊపిరి బిగబట్టి నిలబడటం బహుశా అదే మొదటిసారి. అంత అపూర్వమైన గౌరవం ఏం చేసుకోవాలో తెలియక ఆయన కొంచెం తడబడ్డాడు.

"నేను ఇందాకట్నుంచీ చెప్పబోతున్నది అదే," అన్నాడు. "మనం ఈ కృతికి కొత్త స్వరప్రతులు కొన్నప్పట్నుంచీ, సరిగ్గా అక్కడే నాకు పేజీ తిప్పాల్సి వచ్చేది. నేను తిప్పుకుని కమాను పెట్టేదాకా మీరంతా ఆగేవాళ్ళు. మొన్న ఊరికే కూర్చోలేక ఆ రెండు పేజీలూ పక్కపక్కన జిగురు రాసి అంటించేశాను. ఇక తిప్పే పనే లేదు."